చీటీ కింది నంబరు

మిరపకాయలు కల్లాల్లోకి వచ్చిన నెలల్లో మా సంఘంలో ఆదివారం ఆరాధన పాట సరిగా సాగేది కాదు. పల్లవి బాగానే ఎత్తుకునేవారు. రెండో చరణానికి వచ్చేసరికి ఆడవాళ్ళ వైపు ఒకరు దగ్గేవారు. ఆ దగ్గు పక్కామెను పట్టుకునేది, అక్కడి నుంచి వెనక చాపల దాకా పోయేది. చివరికి పాస్టరు అయ్యగారు చెయ్యెత్తి పాట ఆపి ప్రార్థనలోకి వెళ్ళేవారు. ఎవరూ దాన్ని జబ్బు అనుకోలేదు. కారం దగ్గు అనేవారు. పొద్దుటి నుంచి కల్లంలో కూర్చుని ముచ్చికలు తీసి, తాలుకాయలు ఏరే ఆడవాళ్ళకు దగ్గు రాకపోతేనే వింత.

ఎనభైల మొదట్లో నేను ప్రత్తిపాడు వైపు ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో లేబు చూసేవాణ్ణి. ఒక గది, తూర్పు కిటికీ, కిటికీ ముందు బల్ల, బల్ల మీద అద్దంతో వెలుగు పట్టే ఒంటికన్ను మైక్రోస్కోపు. కరెంటు ఉన్నా లేకపోయినా పొద్దున ఎండ ఉంటే నా పని జరిగేది. ఆ గది తలుపు తీసే ముందు మోకరించి ప్రార్థన చేసుకోవడం నాకు అలవాటు. నా కళ్ళకు తేటదనం ఇమ్మని అడిగేవాణ్ణి. ఆ ప్రార్థన ఇప్పటికీ చేస్తాను. కానీ అప్పట్లో దాన్ని చేసి లేచాక, నా కళ్ళు ఇక తప్పు చూడవని నమ్మేవాణ్ణి.

మా డాక్టరమ్మగారు ఈ ప్రాంతపు మనిషే. యాభై దాటిన వయసు, పెళ్ళి చేసుకోలేదు, మాటలో మెత్తదనం లేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ నాతో అన్నారు.

"ఈ దగ్గుల్లో ఎన్ని కారంవి, ఎన్ని క్షయవి? నీకు తెలుసా?"

"తెలియదండి."

"నాకూ తెలియదు. ముప్పై ఏళ్ళుగా కారం దగ్గని మందునీళ్ళు పోసి పంపిస్తున్నా. వాళ్ళలో ఎందరిని చంపానో."

ఆ మాట ఆవిడను వదల్లేదు. గుంటూరులో ఒక ప్రొఫెసరుగారికి ఉత్తరం రాశారు. ఆయన వచ్చి కల్లాలు తిరిగి చూసి, దీన్ని పద్ధతిగా పరిశీలిద్దాం అన్నారు. మూడు వారాలు దాటి దగ్గే ప్రతి ఆడమనిషి దగ్గరా మూడుసార్లు గళ్ళ, అంటే దగ్గితే వచ్చే కఫం, తీయాలి. నేను రంగు వేసి చూడాలి. చూసిన స్లైడ్లన్నీ పెట్టెలో భద్రం చేసి, సీజను చివర గుంటూరు పంపితే అక్కడ మళ్ళీ చూస్తారు. ఇందుకోసం ఆయన కొత్త స్లైడ్ల పెట్టెలు, స్లైడు చివర అతికించడానికి నంబర్లు వేసిన కాగితపు చీటీలు పంపారు.

కొత్త స్లైడ్లు చూసి చాలా ఏళ్ళయింది. పెట్టె తెరిస్తే ఒక్కో గాజుపలక మధ్యా పలుచని కాగితం. వేలికి గీత తగలని గాజు. నేను వాటిలో సగం పెట్టెలు తీసి బీరువాలో దాచాను.

ఇక్కడ నా పెంపకం గురించి చెప్పాలి. మా నాన్న సంఘం బడిలో పంతులు. ఐదు రొట్టెల కథ చెప్పినప్పుడల్లా ఆయన జనం తిన్నదాని దగ్గర ఆగేవాడు కాదు. తిన్నాక మిగిలిన ముక్కలు గంపల్లోకి ఎత్తించిన చోటుకు వచ్చి గొంతు పెంచేవాడు. అంత అద్భుతం చేయగలిగిన ప్రభువు ముక్కలు పారేయనివ్వలేదు, నువ్వెవడివిరా పారేయడానికి అనేవాడు. మా ఇంట్లో సుద్దముక్క గోరంత అయ్యేదాకా రాసేవాళ్ళం. ఆ చేతులతోనే లేబుకు వచ్చాను. దూది కడిగి ఆరేశాను. సీసాలు, మూతలు, దారం, దేన్నీ పోనివ్వలేదు. స్లైడ్లను సబ్బునీళ్ళలో నానబెట్టి, సోడాలో ఉడకబెట్టి, స్పిరిటుతో తుడిచి మళ్ళీ వాడేవాణ్ణి.

నాకు పని నేర్పిన పెద్దాయన ఒక్క విషయంలో కచ్చితంగా ఉండేవాడు. క్షయ కనబడిన స్లైడు మళ్ళీ వాడకూడదు, పగలగొట్టి పూడ్చిపెట్టాలి. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అంటుకుంటుందని కాబోలు అనుకున్నాను. ఆయన వెళ్ళిపోయాక ఒక ఏడాది స్లైడ్లకు బాగా కరువొచ్చింది. పూడ్చాల్సిన స్లైడ్లు రేకు డబ్బాలో పేరుకుని ఉన్నాయి. వాటిని ఒకసారి కాదు, రెండుసార్లు ఉడకబెట్టాను. ఇంత ఉడికాక ఏ క్రిమి బతుకుతుంది? చచ్చిన క్రిమి ఎవరికి అంటుతుంది? అలా అనుకుని కడిగినవాటిలో కలిపేశాను. డాక్టరమ్మగారికి చెప్పలేదు. చెప్పాల్సినంత విషయమని తోచలేదు.

ప్రొఫెసరుగారి కొత్త స్లైడ్లు బీరువాలో దాచి, ఆ పరిశీలనకు కూడా ఈ కడిగిన స్లైడ్లనే కలిపి వాడాను. కొత్తవి మా ఆసుపత్రికి రెండేళ్ళు వస్తాయి గదా అని మనసులో ఆనందపడ్డాను.

ఆ మంగళవారం పొద్దున ఎండ బాగా ఉంది. కిటికీ అవతల కల్లాల ఎరుపు కనిపిస్తోంది. నాలుగో స్లైడు మీద, నీలం రంగులో ఈదుతున్నట్టు కనబడే గళ్ళలో, ఒక ఎర్రని పుల్ల కనబడింది. రంగు పట్టిన క్షయ క్రిమి అలాగే ఉంటుంది. ఇంకాస్త జరిపాను. మరొకటి. స్లైడంతా వెతికితే నాలుగు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. సందేహం లేదు.

చీటీ మీది నంబరును పుస్తకంతో కలిపి చూశాను. మా పేట అమ్మాయే. ఇరవై రెండేళ్ళుంటాయి, ఆరు నెలల మగబిడ్డ తల్లి. మొగుడు లారీల వెంట టిక్కీలు, మిరపకాయల బస్తాలు, ఎత్తే పనికి పోయి నెలల తరబడి రాడు. అత్తతో ఉంటుంది. ఆ అత్తను మా పేటలో ఎరగనివాళ్ళు లేరు, ఆమె నోటికి జంకనివాళ్ళూ లేరు. ఆమె భర్త క్షయతోనే పోయాడు, నెత్తురు కక్కుకుని.

ఆ క్షణంలో నాకు కలిగింది దుఃఖం ఒక్కటే అని రాస్తే అబద్ధమవుతుంది. పరిశీలన మొదలయ్యాక కనబడ్డ మొదటి క్రిమి అది. నా కన్ను పట్టింది అన్న సంతోషం ముందు వచ్చింది. దుఃఖం దాని వెనకాల వచ్చింది.

మూడు గళ్ళలూ చూడనిదే ఎవరికీ చెప్పకూడదన్నది నియమం. బుధవారం సాయంత్రం ఒక ఇంటి వసారాలో ప్రార్థన కూటం. మా కూటాల్లో చివర విన్నపాలు చెప్పుకోవడం ఆచారం. ఎవరి బాధ వాళ్ళు, లేదా పక్కవాళ్ళ బాధ, పైకి చెబితే అందరూ కలిసి ప్రార్థిస్తారు. నేను లేచి నిలబడ్డాను. పేరు చెప్పలేదు. పేరు చెప్పకుండా ఉండటం చాలనుకున్నాను.

"కల్లంలో పనిచేసే ఒక చంటిబిడ్డ తల్లి కోసం ప్రార్థించండి. ఆమెకు క్షయ ఉన్నట్టు కనబడింది. ప్రభువు ముట్టి బాగుచేయాలి."

ఆడవాళ్ళు అయ్యో అన్నారు. కొందరు ఏడ్చారు. అందరం కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థించాం. గళ్ళ ఇచ్చినవాళ్ళలో చంటిబిడ్డ తల్లి ఒక్కతేనని నాకు అప్పుడు తట్టలేదు. అక్కడున్న ప్రతి ఆడమనిషికీ ఆమెన్ అనకముందే తెలుసు.

గురువారం నేను ఆసుపత్రికి వచ్చేసరికి అయిపోవాల్సింది అయిపోయింది. అత్త బిడ్డను లాక్కుని ఇంట్లో పెట్టుకుంది. కోడల్ని గడప తొక్కనివ్వలేదు. ఆ అమ్మాయి కల్లంలో కాపలా కోసం వేసిన గుడిసెలోకి పోయింది. బిడ్డకు మేకపాలు పోస్తున్నారు, వాడు తాగడంలేదు, తాగిన కాస్తా కక్కుతున్నాడు. ఇదంతా మా ఆసుపత్రిలో ఊడ్చే మనిషి చెప్పింది. చెబుతూ నా మొహంలోకి చూసింది.

"నువ్వు చెప్పబట్టే తెలిసింది గదన్నా. లేకపోతే పిల్లాడు ఏమైపోయేవాడో" అంది. మెచ్చుకోలుగానే అంది.

శుక్రవారం మిగతా రెండు గళ్ళలూ చూశాను. ఒక్క ఎర్రపుల్ల లేదు. మళ్ళీ చూశాను. లేదు. పుస్తకం తీసుకుని డాక్టరమ్మగారి దగ్గరకు వెళ్ళాను. ఆవిడకు అప్పటికే బిడ్డ సంగతి తెలిసినట్టుంది, నావైపు చూడకుండా చెయ్యి చాచారు.

"మూడింట్లో ఒకటి. అందులోనూ నాలుగు క్రిములు. దీంతోనా నువ్వు సువార్త ప్రకటించింది?"

ఆవిడ పుస్తకం మూసి లేచారు.

"పద. ఆ మొదటిది నేను చూస్తా."

ఆవిడ మైక్రోస్కోపు ముందు చాలాసేపు కూర్చున్నారు. మర ఇటు తిప్పి, అటు తిప్పి, ఆగారు.

"వెలుగు కాస్త తగ్గించి చూడు. గళ్ళ తేటగా కనబడినప్పుడు క్రిమి మసకగా ఉంటోంది. క్రిమి తేటపడితే గళ్ళ మసకబారుతోంది. రెండూ ఒక ఎత్తులో లేవు."

చూశాను. నాలుగు పుల్లలూ ఒకే గీత వెంట ఉన్నాయి. ఆ గీత గళ్ళలోది కాదు. గాజు మీద పడ్డ గీత. క్రిములు గళ్ళ అడుగున, గాజుగీతలో ఇరుక్కుని ఉన్నాయి.

స్లైడు తీసి, చివర అతికించిన కాగితపు చీటీ మీద తడిదూది పెట్టాను. చీటీ నానేదాకా ఆగాను. గోటితో లాగితే ఊడివచ్చింది. దాని కింద గాజు మీద వజ్రపు ముల్లుతో గీకిన పాత నంబరు ఉంది. నా చేతిరాతే.

పాత పుస్తకం తీశాను. పోయిన ఏడాది ఆ నంబరు ఒక ముసలాయనది. ఆయన గళ్ళ నిండా క్రిములే. ఆయన చనిపోయాడు.

"పాజిటివ్ స్లైడు మళ్ళీ వాడావా?"

"ఉడకబెట్టానండి. రెండుసార్లు."

"ఉడకబెడితే చస్తుంది. గాజును వదిలి పోతుందా? చచ్చింది కూడా రంగు పట్టుకుంటుందయ్యా. ఎర్రగానే కనబడుతుంది." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "కొత్త పెట్టెలు పంపారుగా. అవేవి?"

బీరువా తాళం తీసి చూపించాను. పెట్టెల వంక చూసి, నా వంక చూసి, బయటికి వెళ్ళిపోయారు. కాసేపటికి కుర్చీ తెచ్చుకుని మళ్ళీ వచ్చారు. ఇద్దరం కూర్చుని పరిశీలన స్లైడ్లన్నిటికీ చీటీలు తడిపి ఊడదీశాం. చాలావాటి కింద పాత నంబర్లున్నాయి. వాటిలో మరో మూడు ఒకప్పటి క్షయ స్లైడ్లు. ఆ మూడింటి మీద ఈసారి ఏమీ కనబడలేదు. అది నా పనితనం కాదు.

"ప్రొఫెసరుగారికి నేను రాస్తా" అన్నారు ఆవిడ చివరికి. "మొత్తం మొదటి నుంచి మొదలుపెట్టాలి. అది తర్వాత. ముందు ఆ బిడ్డ తల్లిపాలకు పోవాలి. రేపు ఆమె గళ్ళ కొత్త స్లైడ్ల మీద చూడు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, ఎల్లుండి పొద్దున ఒకటి."

"కనబడకపోతే లేదని చెప్పొచ్చాండి?"

"కనబడలేదని చెప్పొచ్చు. లేదని దేవుడు చెప్పాలి. వచ్చే వారం గుంటూరులో ఛాతీ ఎక్స్‌రే ఫోటో తీయిద్దాం. కానీ ఆ బిడ్డకు వచ్చే వారం దాకా టైము లేదు."

శనివారం పొద్దున కొత్త డబ్బా తీసుకుని కల్లానికి వెళ్ళాను. ఆ అమ్మాయి మిగతా ఆడవాళ్ళకు దూరంగా, గుడిసె నీడలో కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. పని మాననివ్వలేదు కానీ వరుసలో కూర్చోనివ్వలేదు. రవిక ముందు భాగం తడిసి ఉంది. నేను తల తిప్పుకున్నాను. పక్కన నేల మీద ఒక మూల తెల్లగా ఎండిన మరక, చుట్టూ చీమలు. పాలు పిండి నేల మీద పోస్తోంది.

"మళ్ళీ గళ్ళ కావాలమ్మా. నా వల్ల పొరపాటు జరిగింది. ఆ క్రిములు నీవి కావు."

ఆమె చేతులు ఆగాయి. తలెత్తింది.

"నావి కావని ఇప్పుడు నాకు చెబుతున్నావు. నావని ఊరందరికీ చెప్పావు. నీ ప్రార్థనకి ఇంతకన్నా మంచి విన్నపం దొరకలేదా అన్నా?"

ఆమె డబ్బా తీసుకుని గుడిసె వెనక్కి పోయింది. దగ్గింది. తెచ్చి నా చేతికి ఇవ్వకుండా నేల మీద పెట్టింది.

రెండు గళ్ళలూ కొత్త గాజు మీద చూశాను. ఎరుపు లేదు. సాయంత్రం ఎండ ఉండగానే అత్త ఇంటికి వెళ్ళాను. గుంజకు మేక కట్టేసి ఉంది. ముసలామె అరుగు మీద కూర్చుని పిల్లాణ్ణి భుజాన వేసుకుని తడుతోంది. వాడు ఏడవడం లేదు. నాకు దానికే భయమేసింది. పెదవులు ఎండిపోయాయి, కళ్ళు లోపలికి పోయాయి. రెండు రోజులుగా విరేచనాలని గుడ్డలు ఆరేసిన తీగే చెబుతోంది.

చెప్పాను. గాజు సంగతి, పాత నంబరు సంగతి, ఉడకబెట్టిన సంగతి, అంతా. ఆమె అడ్డు రాకుండా వింది. అయిపోయాక అడిగింది.

"నువ్వు ప్రార్థనలో నిలబడి చెప్పావా లేదా, దానికి ఉందని?"

"చెప్పాను పిన్నీ."

"ప్రార్థనలో అబద్ధం చెప్పావా?"

"అబద్ధం కాదు. పొరపాటు."

"ఇయ్యాల చెప్పేది పొరపాటు కాదని నాకెట్టా తెలుసుద్ది?"

డాక్టరమ్మగారు బిడ్డను తల్లికి ఇమ్మంటున్నారని చెప్పాను.

"డాక్టరమ్మ చాకిరీ చేసిందా ఈడి తాతకి? ఆయన ఉమ్మిన తట్ట నేను పారబోశా. ఆయనక్కూడా ముందు కారం దగ్గే అన్నారు మీ ఆసుపత్రోళ్ళు." ఆమె చెయ్యి పిల్లాడి వీపు మీద ఆగింది. "లేదని ప్రమాణం చెయ్యి. ఇదిగో ఈడి నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు, దానికి లేదని. ఇప్పుడే ఇచ్చేత్తా."

చెయ్యి లేవలేదు. ఒట్టు పెట్టుకోకూడదని నాకు చిన్నప్పుడే నేర్పారు. కానీ అసలు కారణం అది కాదు. నాకు తెలియదు. కనబడలేదన్నది మాత్రమే తెలుసు.

"చూశావా" అంది ఆమె. "పో నాయనా. రేపు మధ్యానం బస్సుకి పొన్నూరు పోతన్నా, మా అమ్మాయి దగ్గరికి. దానికీ చంటిపిల్ల ఉంది. ఈడికీ నాలుగు చుక్కలు కుడుపుద్ది."

పొన్నూరు దాకా ఎండలో, బస్సులు మారి, ఆ ఒంట్లో నీళ్ళు లేని బిడ్డతో. చెప్పి చూశాను. వినలేదు. డాక్టరమ్మగారు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు పంపితే అవి మాత్రం తీసుకుంది.

అక్కడి నుంచి అయ్యగారి ఇంటికి వెళ్ళాను. మర్నాడు నెల మొదటి ఆదివారం, ప్రభు సంస్కారం ఉంటుంది. సాక్ష్యాల సమయంలో నాకు మాట్లాడే వీలివ్వమన్నాను.

"ఆసుపత్రి విషయాలు ఆరాధనలో ఎందుకయ్యా? నువ్వూ నేనూ వెళ్ళి ముసలామెకు చెబుదాం."

"ఆమె ఒక్కతే నమ్మితే చాలదండి. పేట అంతా ఆ పిల్లను దూరం పెట్టింది. నేను చెప్పింది ప్రార్థనలో. వెనక్కి తీసుకోవాల్సింది కూడా అక్కడే."

ఆయన సరే అన్నారు.

ఆదివారం పొద్దున మూడో గళ్ళ చూశాను. లేదు. చేతులకు ఆ నీలం రంగుతోనే గుడికి వెళ్ళాను. ఆ అమ్మాయి లోపలికి రాలేదు. వసారా మెట్టు మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఎవరైనా రావొద్దన్నారో, తనే ఆగిందో. అత్త ఆడవాళ్ళ వైపు రెండో వరుసలో ఉంది. పిల్లాణ్ణి పక్కింట్లో పడుకోబెట్టి వచ్చిందట. గోడవార ప్రయాణపు సంచి.

నేను లేచాను. ఎన్నోసార్లు అక్కడ నిలబడి వాక్యం చెప్పాను. ఈసారి నా తప్పు చెప్పడానికి నిలబడ్డాను. గాజు పారేయడం పాపమనుకున్నానని, పారేయాల్సినది దాచుకున్నానని చెప్పాను. ఆ క్రిములు చనిపోయిన ముసలాయనవని, ఆ అమ్మాయి గళ్ళలో ఐదుసార్లు ఏమీ కనబడలేదని చెప్పాను. రోగి రహస్యాన్ని విన్నపం పేరుతో బజారున పెట్టానని చెప్పాను.

వెనక నుంచి ఒక మగ గొంతు.

"మరి మా ఆవిడకి లేదన్నావు గదా. అదన్నా నిజమేనా, అదీ ఉడకబెట్టిందేనా?"

కొందరు నవ్వారు. కొందరు ఉష్ అన్నారు. "అందరివీ మళ్ళీ చూస్తాం" అన్నాను. గుసగుసలు లేచాయి. అత్త లేచి నిలబడింది.

"నిన్న అడిగిందే అడుగుతన్నా. దానికి లేదని చెప్పగలవా?"

డాక్టరమ్మగారు ముందు వరుసలో ఉన్నారు. తల తిప్పలేదు.

"చెప్పలేను పిన్నీ. నేను చూసింది మాత్రం నా గాజుమీది తప్పు. అంతవరకే చెప్పగలను."

ఆమె కూర్చుంది. ఓడిపోయానని అనుకున్నాను.

ప్రభు సంస్కారానికి మా సంఘంలో ద్రాక్షరసపు గిన్నె ఒక్కటే. అందరూ దానిలోనే తాగుతారు. ముందు మగవాళ్ళ వరుసలు, తర్వాత ఆడవాళ్ళవి. నా వరుస లేచినప్పుడు నేను లేవలేదు. ఆడవాళ్ళు కూడా అయ్యాక అయ్యగారి దగ్గరికి వెళ్ళి, ముందు ఆ అమ్మాయికి ఇవ్వమని, ఆమె తర్వాతే నేను తాగుతానని మెల్లగా చెప్పాను. ఆయన నా మొహం చూసి, గుమ్మం వైపు తిరిగి ఆ అమ్మాయిని పిలిచారు.

ఆమె రాలేదు. రెండోసారి పిలిచారు. లేచింది. చాపల మధ్య దారిలో నడుస్తుంటే ఇరువైపులా చీర కుచ్చిళ్ళు వెనక్కి లాక్కున్న చప్పుడు వినబడింది. బల్ల ముందుకు వచ్చి మోకరించేసరికి దగ్గు తెర వచ్చింది. ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. ఆ గుడిలో అందరూ ఒక్కో దగ్గూ లెక్కపెట్టినట్టు వింటున్నారు. దగ్గు తగ్గాక అయ్యగారు గిన్నె అందించారు. ఆమె తాగింది.

నేను పక్కన మోకరించాను. గిన్నె నా చేతికి వచ్చింది. అయ్యగారు అంచు తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టాను. ధైర్యంగా చేశానని చెప్పను. లేదని ఒట్టు పెట్టలేని చెయ్యి అది. ఆమె పెదవి తగిలిన చోటే నా పెదవి ఆనించి మిగిలింది తాగాను.

ముగింపు ప్రార్థన కోసం కళ్ళు మూసుకున్నాం. తెరిచేసరికి అత్త లేదు. గోడవార సంచి కూడా లేదు.

బయటికి వచ్చాను. రోడ్డు మీద బస్సు హారను వినబడింది. ఆ అమ్మాయి మెట్టు మీద నిలబడి అటే చూస్తోంది. ఏడవడం లేదు. బస్సు ఆగింది, కదిలింది. దుమ్ము ఇంకా తేలుతుండగానే పక్కింటి సందులోంచి ముసలామె వచ్చింది. ఒక భుజాన పిల్లాడు, మరో చేతిలో సంచి. నేరుగా కోడలి ముందుకు వచ్చి సంచి కింద పెట్టింది.

"ఏదీ, చేతులు చూపించు."

మాకందరికీ తెలిసిన మాటే అది. కల్లం నుంచి వచ్చిన తల్లి బిడ్డను ముట్టుకునే ముందు ప్రతి ఇంట్లో పెద్దవాళ్ళు అడిగే మాట. ఆ అమ్మాయి రెండు చేతులూ చాచింది. అత్త వాటిని వాసన చూసింది.

"కారం పోలా. మజ్జిగతో కడుక్కుని రా పో. ముందు కుడుపు. ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ."

నా వంక చూడలేదు. పక్క నుంచి పోతూ మాత్రం అంది.

"నీ మాట గనక మళ్ళీ మారితే నిన్ను కల్లంలో పడుకోబెడతా నాయనా."

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మగారు నన్ను పిలిచి తిట్టారు. "గిన్నెతో క్షయ రాదు. ఊపిరితో వస్తుంది. నువ్వు నిరూపించింది సున్నా. ఆ సంగతి లేబు మనిషివి నీకు తెలియదా?" తెలుసండి అన్నాను. ఆవిడ అటు తిరిగి, "పిల్లాడు పాలు తాగుతున్నాడట" అన్నారు.

ఆ మరుసటి వారం గుంటూరులో తీసిన ఫోటోలో ఆ అమ్మాయి ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఆ కబురు వచ్చేదాకా నేను సరిగా నిద్రపోలేదు. బీరువాలోని పెట్టెలన్నీ తెరిచాం. కడిగిన స్లైడ్లు గుడ్డలో మూటకట్టి రాయితో చితక్కొట్టి ఆసుపత్రి వెనక గొయ్యిలో పోశాను. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. పరిశీలన మొదటి నుంచి నడిచింది. దగ్గేవాళ్ళలో ఎక్కువమందిది కారమే. కొందరిది కాదు. ఆ కొందరికి మందులు మొదలయ్యాయి, వాళ్ళ పేర్లు నేను ప్రభువుకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత చాలా సీజన్లు అదే కిటికీ దగ్గర పనిచేశాను. గళ్ళ డబ్బా అందించే ముందు మా పేట ఆడవాళ్ళు, వదిన, మరదలు వరసవాళ్ళు నవ్వుతూ, ముసలివాళ్ళు నవ్వకుండా, ఒకే మాట అడిగేవారు.

"గాజు కొత్తదేనా?"

నేను పెట్టె తెచ్చి వాళ్ళ ముందే కాగితం విప్పేవాణ్ణి. ఆ అమ్మాయి మాత్రం అడిగేది కాదు. స్లైడు చేతిలోకి తీసుకుని, ఎండకు ఎత్తి పట్టి, రెండు వైపులా తిప్పి చూసుకుని ఇచ్చేది.